పొయ్యి మీద ఎలా పడుకుంటారు?

టూర్ మేనేజర్ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి ట్రైనింగ్‌లో చరిత్ర చెబుతారు, ఫస్ట్ ఎయిడ్ చెబుతారు, పాస్‌పోర్టు పోతే ఎవరికి ఫోన్ చేయాలో చెబుతారు. అసలు ఉద్యోగం ఏమిటో మాత్రం చెప్పరు. అసలు ఉద్యోగం, కూర్చున్నవాళ్ళని లేపడం. భోజనాల దగ్గర కూర్చున్నవాళ్ళని, పార్కు బెంచీ మీద కూర్చున్నవాళ్ళని, టాయిలెట్లో కూర్చున్నవాళ్ళని కూడా "లేవండి, బస్సు బయల్దేరుతోంది" అని నవ్వుతూ లేపాలి. తిడుతూ లేపడం అమ్మలు చేసే పని, దానికి జీతం ఉండదు.

ఈ పని నేను చాలా ఏళ్ళు చేశాను. ఇప్పుడు సిడ్నీలో, స్కోఫీల్డ్స్‌లో, రిటైరై కూర్చున్నాను. నన్ను లేపేవాడు లేడు. ప్రమోషన్ల గురించి రాయను, రాలేదు కాబట్టి.

నా చదువు సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ బరువు దిగుతుంది. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేశాను. బడికి నామీదా నాకు బడిమీదా పెద్ద ప్రేమ లేదు కాబట్టి విడాకులు సామరస్యంగానే జరిగాయి. గుడివాడలో టూరిస్టు బస్సు మీద క్లీనరుగా చేరి, డ్రైవరునై, తర్వాత నర్సుగా వీసా వచ్చిన మా ఆవిడ వెనక ఇంకో సూట్‌కేసులాగా ఆస్ట్రేలియా చేరాను. కొన్నాళ్ళు టాక్సీ నడిపాను. ఒకరోజు వెనక సీట్లో కూర్చున్న ఒకావిడ నా కబుర్లకి నవ్వుతూ నవ్వుతూ దిగాల్సిన చోటు దాటిపోయింది. దిగాక అంది, "టాక్సీలో ఒక్కొక్కళ్ళనే నవ్విస్తే ఏం లాభమయ్యా. నువ్వు బస్సు సైజు మనిషివి. రేపు ఆఫీసుకి రా."

ఆవిడే రమణి మేడం. నెల్లూరు మనిషి. వెస్ట్రన్ సిడ్నీలో ఒక బట్టలకొట్టు పైన చిన్న ట్రావెల్ ఆఫీసు ఆవిడది. మిగతా ఏజెంట్లంతా మనవాళ్ళని స్విట్జర్లాండుకీ సింగపూరుకీ తోలుతుంటే ఈవిడ మాత్రం రష్యాకి తీసుకెళ్ళేది. ఎందుకని అడిగితే, "స్విట్జర్లాండ్ చూసొచ్చినవాడు ఫోటో చూపిస్తాడు. రష్యా చూసొచ్చినవాడు కథ చెబుతాడు. కథ విన్నవాడు మనకి ఫోన్ చేస్తాడు," అనేది. ఎమ్‌బీఏలు చేసినవాళ్ళు దీన్ని పెద్ద పుస్తకంగా రాస్తారని విన్నాను.

ఉల్లిపాయలు అయిపోయాక

మాస్కోలో బస్సు దిగి చర్చిల మీద గుమ్మటాలు చూడగానే మనవాళ్ళు అనే మొదటి మాట "ఉల్లిపాయల్లా ఉన్నాయే." ఇది ఎవరికి వాళ్ళే కనిపెట్టామనుకుంటారు. ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వాలి. అది జీతంలో భాగం.

మొదటి రోజు ఫోను నిండేదాకా ఫోటోలు తీస్తారు. మూడో రోజుకి నావైపు తిరిగి "ఇంకో చర్చా, కోటీ?" అంటారు. పీటర్స్‌బర్గ్ రాజభవనాల్లో బంగారం చూసి మొదట నోరు తెరుస్తారు, తర్వాత ఆవులిస్తారు. రెండింటికీ నోరు తెరవాల్సిందే కాబట్టి లోకల్ గైడుకి తేడా తెలియదు. మీకు తెలియాలి. బాలే దగ్గర ఇంజనీర్లు నిద్రపోతారు. పోనివ్వండి. ఊరికి తిరిగొచ్చాక ఆ బాలే గురించి అందరికన్నా బాగా వర్ణించేది వాళ్ళే.

కట్టడాల అందం రెండు రోజులు పనిచేస్తుంది. ఆ తర్వాత టూరుని మోసేది మనుషులే. బ్రోషర్లో గుమ్మటాలు వేయండి, తప్పదు. కానీ ప్రోగ్రాములో ఒక్క పూటైనా ఎవరో ఒకరి ఇంటికి తీసుకెళ్ళండి. గడపలోనే చెప్పులు విప్పమంటారు, వాళ్ళ ఇంటి చెప్పులు వేసుకోమని ఇస్తారు. అక్కడే మనవాళ్ళు సగం పడిపోతారు. తర్వాత జాడీల్లోంచి ఊరగాయలు వస్తాయి. దోసకాయ, క్యాబేజీ, పుట్టగొడుగు, ఏది దొరికితే అది ఊరేస్తారు. మన ఆంటీలు హ్యాండ్‌బ్యాగుల్లోంచి ఆవకాయ పొట్లాలు తీస్తారు. ఆ తర్వాత గైడు అవసరం ఉండదు, ఆంబులెన్సు ఉంటే చాలు.

రష్యావాళ్ళు ఊరికే నవ్వరు. ఆస్ట్రేలియాలో ముక్కూమొహం తెలియనివాడు కూడా "హౌ యా గోయింగ్" అంటాడు, జవాబు కోసం ఆగడు. అక్కడ ఎవరూ అడగరు. అడిగితే మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం వింటారు. మా గైడు గలీనాని ఎవరో అడిగారు, మీవాళ్ళు ఎందుకు నవ్వరని. "మా ఊళ్ళో కారణం లేకుండా నవ్వేవాళ్ళని డాక్టరుకి చూపిస్తాం," అని నావైపు చూసింది.

గలీనాతో నాకు ఒక్కటే పేచీ. ప్రతి టూరు చివర, హోటల్ లాబీలో, సామాను బస్సెక్కించాక అందరినీ ఒక్క నిమిషం కూర్చోమనేది. ప్రయాణానికి ముందు ఇంటిల్లిపాదీ మాట్లాడకుండా కాసేపు కూర్చుని లేవడం వాళ్ళ ఆచారం. నేను అప్పుడే కష్టపడి అందరినీ లేపి ఉంటాను. ఈవిడ మళ్ళీ కూర్చోబెట్టేది. నేను నిలబడే వాచీ చూసుకునేవాణ్ణి.

కోటుకి ఉచ్చు

అక్కడ థియేటరైనా మ్యూజియమైనా, లోపలికి వెళ్ళేముందు కోటు విప్పి కౌంటర్లో ఇవ్వాలి. ఆ కౌంటర్ల వెనక పెద్దవయసు ఆడవాళ్ళు ఉంటారు. కోటు తగిలించడానికి మెడ లోపల చిన్న ఉచ్చు కుట్టి ఉండాలి. లేకపోతే వాళ్ళ దృష్టిలో మీరు పెంపకం లేని మనిషి.

పెర్త్ దగ్గర పియారా వాటర్స్ నుంచి ప్రసాద్ గారని మైనింగ్ ఇంజనీరు ఒకాయన వచ్చారు. గనిలో ఆయన చెప్పిందే శాసనం. ఆయన కోటుకి ఉచ్చు తెగిపోయి ఉంది. కౌంటర్ ఆవిడ కోటు పైకెత్తి, లైన్లో ఉన్నవాళ్ళందరికీ చూపించి, ఏదో పెద్దగా అంది.

"వాట్ డిడ్ షీ సే?" అన్నారు ప్రసాద్ గారు.

గలీనా మొహమాటం లేని మనిషి. "ఇంత వయసొచ్చింది, ఉచ్చు కుట్టిపెట్టడానికి నీకు ఇంట్లో ఎవరూ లేరా అంటోంది."

"మా ఆవిడ ఇక్కడే ఉందని చెప్పు," అన్నారాయన, పక్కకి చూపిస్తూ.

ఆ ముక్క గలీనా చెప్పగానే కౌంటర్ ఆవిడ ప్రసాద్ గారి భార్యని కూడా కలిపి తిట్టింది. ఆపైన సొరుగులోంచి సూదీ దారం తీసి, ఆయన్ని పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టి, తీరిగ్గా ఉచ్చు కుట్టింది. మిగతావాళ్ళం మ్యూజియం సగం చూసొచ్చేసరికి ఆయన అక్కడే టీ తాగుతున్నారు. ఇద్దరికీ ఒక్క భాష కూడా కలవదు. మనవల ఫోటోలు చూపించుకుంటున్నారు.

ఆ మ్యూజియంలో ఉన్న బొమ్మల కోసం ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. ప్రసాద్ గారు ఒక్కటీ చూడలేదు. ఇప్పటికీ పెర్త్‌లో ఏ బర్త్‌డే పార్టీలోనైనా కోటు లోపలి ఉచ్చు తీసి చూపిస్తారట. రమణి మేడానికి ఈ సంగతి చెబితే, "తిట్లు తిన్నవాడు మళ్ళీ వస్తాడు, చూడు," అంది. వచ్చారు. ఈసారి తమ్ముణ్ణీ మరదలినీ వెంటబెట్టుకుని.

ఫిర్యాదు రాగానే క్షమాపణ చెప్పే అలవాటు మంచిదే. కానీ కొన్ని ఫిర్యాదులు టూరులో భాగం. వాటిని ఆపకండి.

అసలు ప్రశ్న

మా వయసు తెలుగువాళ్ళతో రష్యా వెళితే, మూడో రోజో నాలుగో రోజో ఎవరో ఒకరు నా పక్కకి జరిగి, ఎవరూ వినకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. గుండె డాక్టర్లు అడిగారు, యూనివర్సిటీ ప్రొఫెసర్లు అడిగారు. "కోటీ, పొయ్యి మీద ఎలా పడుకుంటారు?"

ఇది ఆస్ట్రేలియా తెల్లవాళ్ళు అడగరు. గుజరాతీలు కూడా అడగగా వినలేదు. ఎందుకో చెబుతాను. మా చిన్నప్పుడు ఊళ్ళకి పుస్తకాల వ్యాను వచ్చేది. అందులో రష్యా నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు ఉండేవి. దళసరి కాగితం, రంగుల బొమ్మలు, చవక. నేను బడి మానేశాను గాని ఆ పుస్తకాలు మానలేదు. బడి పుస్తకాల్లో తోడేళ్ళు ఉండేవి కావు. ఆ కథల్లో మంచు కురుస్తుంది, తోడేలు అరుస్తుంది, ముసలాయన పొయ్యి మీద పడుకుని ఉంటాడు. ఆ ఒక్క ముక్క దగ్గర ఆంధ్రదేశంలో పిల్లలంతా ఆగిపోయారు.

మనకి తెలిసిన పొయ్యి మీద కుండ ఒక్కటే పడుతుంది. దానిమీద తాత ఎలా పడతాడు? పట్టినా కాలడా? వెలగని పొయ్యి అయి ఉంటుందని కొందరు సర్దుకున్నారు. ఆ చలికి మనిషికి కాలదని కొందరు తేల్చారు. అడిగితే నవ్వుతారని ఎవరూ ఎవరినీ అడగలేదు. అలా ఆ ప్రశ్నని మనసులో పెట్టుకునే డిగ్రీలు చేసి, ఆస్ట్రేలియా వచ్చి, ఇళ్ళు కట్టుకుని, రిటైరయ్యారు.

మాస్కోకి కొంచెం దూరంలో పాత కొయ్య ఇళ్ళ మ్యూజియం ఉన్న చిన్న ఊరు ఒకటుంది. మా ప్రోగ్రాములో అదొక పూట. అక్కడ ఒక ఇంట్లో ఆ పొయ్యి ఉంది. లారీ ముందుభాగం అంత ఉంటుంది. ఇటుకలతో కట్టి సున్నం వేస్తారు. మంట లోపల ఎక్కడో గుహలాంటి చోట ఉంటుంది. పొగ మెలికలు తిరిగి బయటికి పోయేలోగా ఇటుకలన్నీ వేడెక్కుతాయి. పైన, ఇంటికప్పు కింద, ఇద్దరు ముగ్గురు పడుకునేంత అరుగు. పొద్దున వెలిగిస్తే రాత్రంతా గోరువెచ్చగా ఉంటుంది. మా ముసలాయన పడుకున్నది అక్కడ.

మొదటిసారి చూసినప్పుడు మా గ్రూపులో ఒకరు, "ఓహో, అరుగా," అన్నారు, చిన్నప్పటి లెక్క తప్పిందన్నట్టు.

ఒక ఏడాది రమణి మేడం ఆ పూట తీసేసి షాపింగ్ పెడదామంది. నేను వాదించలేదు. "ఒక్కసారి వచ్చి చూసి తీసేయండి," అన్నాను. వచ్చింది. పొయ్యి ముందు చాలాసేపు నిలబడి, "ఇది తీసేశావంటే నిన్ను తీసేస్తాను," అంది, ఆ ఆలోచన నాదైనట్టు. బాసులతో అలాగే గెలవాలి. గెలిచిన సంగతి వాళ్ళకి తెలియకూడదు.

కానీ ఒకటి. మ్యూజియం పొయ్యి చుట్టూ తాడు కట్టి ఉంటుంది. దగ్గరికెళితే కుర్చీలో కూర్చున్న ఆవిడ కేకేస్తుంది. దాన్ని వెలిగించి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు. నా సర్వీసు మొత్తంలో ఆ తాడు దాటినవాళ్ళు లేరు. అందరూ చూశారు. పడుకున్నవాళ్ళు లేరు.

మత్తు డాక్టర్ గారు

టూవూంబాలో డాక్టర్ సువర్చల గారని ఉన్నారు. మత్తు డాక్టరు. ఆ చుట్టుపక్కల ఆపరేషన్ అయిన ప్రతి రెండో మనిషినీ ఈవిడే నిద్రపుచ్చి ఉంటారు. బాపట్లలో ఆవిడా తమ్ముడు భాస్కరం గారూ కలిసి ఆ పుస్తకాలు చదివారు. చదివి ఊరుకోలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు లేనప్పుడు వంటింటి పొయ్యి మీద చాప పరిచి, అందులోనూ మర్యాదగా తమ్ముణ్ణే ముందు ఎక్కించారు. పొయ్యి కూలింది. ఆ పూట ఇంటిల్లిపాదీ అటుకులు తిన్నారు, వీళ్ళిద్దరూ తన్నులు కూడా తిన్నారు. అప్పటినుంచీ భాస్కరం గారి తీర్పు ఒక్కటే, రష్యావాళ్ళు అబద్ధాలకోరులు. డాక్టర్ గారి వాదన, లేదురా, మనకి తెలియనిది ఏదో ఉంది. ఆయన బాపట్లలోనే ఉండిపోయారు, ఏళ్ళు గడిచినా తీర్పు మార్చుకోలేదు.

డాక్టర్ గారు మా టూరు బుక్ చేసుకుంటే మొదటిసారి కరోనా వచ్చి ప్రపంచమంతా తలుపులు వేసుకుంది. రెండోసారి బుక్ చేసుకుంటే యుద్ధం మొదలైంది. ఆఫీసులో రష్యా పోస్టర్లు దించేశాం. గవర్నమెంటు వెళ్ళొద్దంది, ఇన్సూరెన్సువాళ్ళు మొహం తిప్పుకున్నారు. గలీనా నుంచి వచ్చే మెసేజ్‌లు పొట్టిగా అయ్యాయి, తర్వాత పండగలకే వచ్చాయి. పక్కదేశంలో జనం ఇళ్ళు కూలుతుంటే మా టూరు ఆగిపోయిందని ఏడవడం బాగుండదు. అందుకని ఏడవలేదు, రిటైరయ్యాను.

ఆ తర్వాత ఒక వేసవిలో, అంటే ఇక్కడి జనవరిలో, డాక్టర్ గారు ఫోన్ చేశారు.

"ఏమయ్యా కోటీ, రిటైరయ్యావట."

"అయ్యాను డాక్టర్ గారూ. నన్ను లేపే మనిషి కోసం చూస్తున్నాను."

"లేపడం నా డిపార్ట్‌మెంట్ కాదు. విను. నా కళ్ళు పోతున్నాయి."

ఆవిడ అలాగే చెబుతారు, బస్సు లేటన్నట్టు. కంటి వెనక పొర పాడవుతోందట. సూటిగా చూసిన చోట మసక, అంచుల్లో మాత్రం కనిపిస్తుంది. ఇంజెక్షన్లు పనిచేయడం మానేశాయి.

"రష్యా వద్దులే ఇంక. ఆ పొయ్యి ఒక్కటి చూపించగలవా? ఎక్కడున్నా సరే. జనాన్ని పడుకోబెడుతూ బతికాను. ఆ ముసలాయన ఎక్కడ పడుకున్నాడో చూడకుండా పోతే ఏం బాగుంటుంది?"

జోకు వేయకుండా "కనుక్కుంటాను," అన్నాను.

కోల్యా పొయ్యి

సిడ్నీలో నేను నల్ల రొట్టె కొనుక్కునే రష్యన్ కొట్టు ఒకటుంది. నా రష్యన్ భాష బస్సు, టాయిలెట్, త్వరగా, ఈ మూడు మాటలు. కాబట్టి కొట్టావిడని ఇంగ్లీషులోనే అడిగాను, ఆస్ట్రేలియాలో ఎక్కడైనా నిజం పొయ్యి ఉందా అని. ఈ ఎండలకి ఎవరు కట్టుకుంటారని నవ్వింది. వారం తర్వాత తనే ఫోన్ చేసింది. క్వీన్స్‌లాండ్‌లో ఒక పిచ్చివాడు కట్టాడట. ఆ పిచ్చివాడు పోయాడు, కొడుకున్నాడు. నంబరు ఇచ్చింది.

ఆ ఇల్లు ఎక్కడో కనుక్కుని నేనూ నవ్వాను. టూవూంబా దాటి కొండల్లోకి కారులో కాస్త పోతే వస్తుంది. డాక్టర్ గారు పక్క ఊరి హాస్పిటలుకి డ్యూటీకి వెళ్ళే దారిలోనే.

కొడుకు పేరు నికొలాయ్. అందరూ కోల్యా అంటారు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. రష్యా విడిచి చైనాలో స్థిరపడ్డ కుటుంబం. అక్కడినుంచి చిన్నపిల్లాడిగా ఓడలో వచ్చాడు. ఇంగ్లీషు పక్కా క్వీన్స్‌లాండ్ రైతు ఇంగ్లీషు.

"ఇది మ్యూజియం కాదు, మేట్," అన్నాడు ఫోన్లో.

నేను సంగతంతా చెప్పాను. బాపట్ల పొయ్యి కూలిన సంగతి కూడా. అంతా విని, "ఎవరు ముందెక్కారు?" అన్నాడు.

"తమ్ముడు."

"మా ఇంట్లోనూ అంతే. అక్కలు నన్నే ముందు తోసేవాళ్ళు." అక్కడ మెత్తబడ్డాడు. కానీ ఒక షరతు పెట్టాడు. "ఇప్పుడొస్తే చూసుకోండి. వెలిగించను. జనవరిలో వెలిగిస్తే ఇల్లు ఓవెన్ అవుతుంది. వెలిగించి ఉండగా కావాలంటే జులైలో రండి."

డాక్టర్ గారు, బ్రిస్బేన్‌లో ఉన్న కూతురు సింధు, నేను, ముగ్గురం ఫోన్లో కూర్చున్నాం. సింధుకి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

"మమ్, గో నౌ. ప్లీజ్. బై జులై యూ మే నాట్ సీ ఎనీథింగ్."

"తెలుసే. నేనూ డాక్టర్నే."

"దెన్ వై వెయిట్?"

"వెలగని పొయ్యి చూస్తే మీ మావయ్య గెలుస్తాడు. వెలగని దాని మీద ఎవడైనా పడుకుంటాడు."

"మమ్, దిస్ ఈజ్ నాట్ అబౌట్ మావయ్య."

"మరి దేని గురించనుకున్నావు?"

నేను సింధు పక్షమే మాట్లాడాను. నా వృత్తి అలాంటిది, ఉన్నది ఉన్నప్పుడే చూపించేయాలి, రేపు వాన పడచ్చు. డాక్టర్ గారు విన్నారు. "ఆపరేషన్‌కి ముందు పేషెంటు మాట వినడం మా రూలు," అన్నారు. "పేషెంటు జులై అంటోంది."

ఏప్రిల్లో ఆవిడ చదవడం మానేశారు. జూన్‌కి మొహాలు పోయాయి, గొంతుని బట్టి మనుషుల్ని పోల్చుకుంటున్నారు. ప్రతిసారీ ఫోన్లో నేను చలి ఎలా ఉందని అడిగేవాణ్ణి, కళ్ళు ఎలా ఉన్నాయని అడగకుండా. ఆవిడకీ అది తెలుసు. "చలి బాగా ముదిరింది," అనేవారు.

జులై

నేను బ్రిస్బేన్ దాకా విమానంలో వెళితే సింధు కారులో ఎక్కించుకుంది. టూవూంబా కొండెక్కేసరికి గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. డాక్టర్ గారు పట్టుచీర కట్టుకుని, దానిమీద మనవడి ఫుట్‌బాల్ జాకెట్ వేసుకుని, గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. దారిలో, అమ్మ డ్యూటీకి వెళ్ళిన రోడ్డు ఇదేనని సింధు చెబితే, "ఇన్నాళ్ళూ దీని పక్కనుంచే పోయానన్నమాట, హారన్ కొట్టుకుంటూ," అన్నారు.

కోల్యా తెల్లవారకముందే వెలిగించాడట. గడపలో చెప్పులు విప్పించి ఇంటి చెప్పులు ఇచ్చాడు. ఇల్లు మామూలు క్వీన్స్‌లాండ్ కొయ్య ఇల్లు, స్తంభాల మీద. అంత బరువు పొయ్యి దాని మీద నిలబడదని వాళ్ళ నాన్న పెరట్లో నేలమీద విడిగా వంటిల్లు కట్టాడు. చూసినవాళ్ళంతా నవ్వారట. ఆ వంటింట్లో సగం పొయ్యే.

డాక్టర్ గారు దాని ముందు నిలబడి, తల పక్కకి వంచి, పిట్ట చూసినట్టు కంటి అంచుతో చూశారు. ఇటు వంచి చూశారు, అటు వంచి చూశారు. మేం ముగ్గురం ఆవిడ మొహమే చూస్తున్నాం.

"తెల్లగా ఏదో ఉంది," అన్నారు. "మా ఫ్రిడ్జ్ కూడా ఇలాగే ఉంటుంది."

సింధు కిటికీ వైపు తిరిగింది. కోల్యాకి తెలుగు రాదు గాని అర్థమైంది. ఆవిడ చెయ్యి పట్టుకుని, పక్కనున్న మెట్ల మీద మొదటి మెట్టు ఎక్కడుందో చూపించాడు.

"మమ్, యువర్ హిప్."

"మా అమ్మ పోయే ఏడాది దాకా ఎక్కింది," అన్నాడు కోల్యా.

ఎక్కారు. పైన పాత బొంత పరిచి ఉంది. వెల్లకిలా పడుకున్నారు. కింద లోపల మంట చిటపటలాడుతోంది. కాసేపటికి పైనుంచి గొంతు వచ్చింది.

"కోటీ."

"చెప్పండి డాక్టర్ గారూ."

"కళ్ళు పోకముందే అని ఎంత హడావుడి చేశారయ్యా మీరు. ఇది వీపుతో చూసేది కదా."

మ్యూజియంలో తాడు ఇవతల నిలబడ్డ నా గ్రూపులన్నీ గుర్తొచ్చాయి. చూడమని ఎంతమందిని తీసుకెళ్ళానో.

ఆవిడ నిద్రపోయారు. కోల్యా మా ఇద్దరికీ పొయ్యిలోంచి మట్టికుండ తీసి పాలు పోశాడు. సన్నటి సెగ మీద గంటలకొద్దీ ఉండి ఎర్రబడ్డ పాలు, పైన దళసరి మీగడ. మా గుడివాడలో పిడకల దాలిలో కాగిన పాలకీ దీనికీ తేడా లేదు. చెబుదామంటే దాలిని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. రెండో గ్లాసు అడిగాను, అర్థం చేసుకున్నాడు.

లేచాక డాక్టర్ గారు కిందికి దిగకుండానే బాపట్లకి ఫోన్ కలపమన్నారు. స్పీకర్లో పెట్టింది సింధు.

"ఒరేయ్ భాస్కరం, పొయ్యి మీదనుంచి మాట్లాడుతున్నాను."

"వెలుగుతోందా?"

"వెలుగుతోంది."

"కాలట్లేదా?"

"నిద్రపోయి లేచానురా."

"అయితే పక్కన పడుకుని ఉంటావు," అన్నారు భాస్కరం గారు.

సింధు వీడియో ఆన్ చేసి, మంటనీ మెట్లనీ పైనున్న అమ్మనీ మొత్తం చూపించింది. ఆయన అంతా చూశారు. చూసి, "అయితే ఆ రోజు తప్పు మనది కాదు. అమ్మ పొయ్యిది," అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన తీర్పు మార్చుకున్నది అదొక్కసారేనని సింధు తర్వాత చెప్పింది. తెలుగులో చెప్పింది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను ఇవ్వగల సలహా ఏమైనా ఉంటే, ఇంతే. మీ ప్రోగ్రాములో తాడు లేని చోటు ఒకటి వెతికి పెట్టండి. దొరక్కపోతే ఇంటి దగ్గర చూడండి. డాక్టర్ గారు జులై దాకా ఆగడం మంచిదా కాదా అని నన్ను అడగకండి. ఆవిడ కళ్ళు నావి కావు, వీపూ నాది కాదు.

బయల్దేరేటప్పుడు మా చెప్పులు మేం వేసుకున్నాం. సింధు కారు తాళాలు తీసింది. కోల్యా ఒక్క నిమిషం అని, మమ్మల్ని వంటింటి బల్ల మీద కూర్చోమని, తనూ కూర్చున్నాడు. ఎవరూ మాట్లాడలేదు.

డాక్టర్ గారు తల వంచి, అంచుల్లోంచి మా ముగ్గురి ఆకారాలూ చూసుకుని, నెమ్మదిగా అడిగారు. "ఎవరు తుమ్మారు?"

"ఎవరూ తుమ్మలేదు డాక్టర్ గారూ. ఊరికే కూర్చున్నాం," అన్నాను.

"అయితే సరే," అని చీర సర్దుకుని ఇంకొంచెం వెనక్కి జరిగి కూర్చున్నారు.

లేవండి, వెళదాం అనాల్సినవాణ్ణి ఆ గదిలో నేనే. వాచీ చేతికే ఉంది. ఎవరైనా ముందు లేస్తారేమోనని చూశాను. ఎవరూ లేవలేదు.